చిక్కుడమ్మ ఊతకర్రలు

ముడి విప్పడానికి డ్రైవరుకి గోళ్ళు చాలలేదు. పాత దుప్పటి అంచు చింపి కట్టిన పీలిక అది. ఎండకీ వానకీ బిగిసి కర్రతో ఒకటైపోయింది. వంగి పంటితో లాగాడు. నోటికి మట్టి తగిలింది. ముడి వదిలాక చిక్కుడు తీగను కర్ర చుట్టూ ఒక్కో మెలికే వెనక్కి తిప్పి, తెగకుండా నేల మీద పడుకోబెట్టాడు. ఆ తర్వాత కర్రను అటూ ఇటూ కదిపి పైకి లాగి, దారి పక్కన కుప్పలో పడేశాడు.

మడికి అవతలి చివర నుంచి మిగతా ఇద్దరూ కొడవళ్ళతో వస్తున్నారు. వాళ్ళకి ముడులతో పని లేదు. కర్రను ఎడమచేత్తో పట్టుకుని, పీలికనీ తీగనీ కలిపి ఒక్క కోత కోసి లాగేస్తున్నారు. వాళ్ళలో ఒకడు తలెత్తి, ఇలా పేలు చూసినట్టు చూస్తూ కూర్చుంటే పొద్దు గూకుతుంది అన్నాడు. డ్రైవరు విననట్టు ఇంకో ముడి మీద వేళ్ళు పెట్టాడు.

ఆ మడి చిక్కుడమ్మది. ఆమెకి వేరే పేరు ఉండే ఉంటుంది కానీ కాలనీలో ఎవరికీ దాని అవసరం పడలేదు. ఆసుపత్రి లాండ్రీలో పని. కాలనీ వెనక ఖాళీ జాగాలో తలా ఒక మడి చేసుకున్నవాళ్ళలో అందరికంటే ముందు చిక్కుళ్ళు కోసేదీ ఆమే, అందరి పాదులూ ఎండిపోయాక కూడా కోసేదీ ఆమే. ఆమె పాతిన ఊతకర్రల్లో కొన్నది ఒక్కటీ లేదు. గాలివానకి విరిగిన కొమ్మలు, ఎవరో పారేసిన నిచ్చెన వెదురు, ఎండిన పొద్దుతిరుగుడు కాడలు, కాలవ గట్టు మీది రెల్లు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఒకటి వంకర, దాని పక్కది ఇంకా వంకర. తీగలు అల్లుకున్నాక మాత్రం ఆ వంకరలేవీ కనపడేవి కావు.

మేనేజరుగారికి కనపడ్డాయి. బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరై, తోటల సంఘానికి అధ్యక్షుడైన పెద్దమనిషి ఆయన. ఆ జాగాను సంఘానికే ఉంచాలా, వెనక్కి తీసుకోవాలా అని చూడటానికి మునిసిపాలిటీ వాళ్ళు ఈ వారంలోనే వస్తున్నారు. అన్ని మళ్ళల్లోనూ ఒకే ఎత్తున, ఆకుపచ్చ రంగు వేసిన ఇనప ఊచలు ఉంటే చూపుకి బాగుంటుందని ఆయన అన్నారు. అందరూ కొనుక్కున్నారు. చిక్కుడమ్మ మాత్రం, నా కర్రలు నిలబడే ఉన్నాయి కదా, నాకెందుకవి అంది. ఆమె పొద్దుటి డ్యూటీకి వెళ్ళాక తీయించేద్దామని నిన్న సాయంత్రం సంఘం సభ్యులు అనుకున్నారు. పంపు తాళంచెవి తన దగ్గర ఉంటుంది కాబట్టి డ్రైవరు కూడా సభ్యుడే. మీకు ఎలాగూ మధ్యాహ్నం నుంచే కదా బస్సు, కాస్త దగ్గరుండి చూడండి అన్నారు మేనేజరుగారు. ఆయన ఎవరికీ పని చెప్పరు. కాస్త చూడమంటారు, అంతే. అలాగే సార్ అన్నాడు డ్రైవరు.

పని అయ్యే వేళకి మేనేజరుగారే వచ్చారు. చెప్పులకి మట్టి అంటకుండా గట్టు మీదే నిలబడి, ఈ కుప్ప రోడ్డు మీదికి కనపడుతుందేమో అన్నారు. కొడవళ్ళతో కోసిన ఇద్దరిలో ఒకడు కర్రలన్నీ గోడ వెనక్కి మోసి అగ్గిపుల్ల గీశాడు. పొద్దుతిరుగుడు కాడలు టపటపమంటూ అంటుకున్నాయి. డ్రైవరు పంపు దగ్గర చేతులు కడుక్కుని, గోళ్ళ సందుల్లోని మట్టి ఎంత రుద్దినా పోకపోతే అలాగే డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి అన్నం పెడుతూ భార్య ఆ సంగతే ఎత్తింది. చిక్కుడమ్మ మధ్యాహ్నం వచ్చి చూసుకుందట. అరుస్తుందేమో, తిడుతుందేమో అని పక్క మళ్ళవాళ్ళు పని ఆపి నిలబడ్డారట. ఆమె ఎవరినీ ఒక్క మాట అడగలేదట. గోనెపట్టాలు తడిపి తెచ్చి తీగల మొదళ్ళ మీద కప్పి, ఎండ తగ్గేదాకా అక్కడే గట్టు మీద కూర్చుందట.

“చేతులెలా వచ్చాయండీ వాళ్ళకి?” అంది భార్య. “పూత మీద ఉన్న పాదు.”

డ్రైవరు ముద్ద మింగి, మంచినీళ్ళు ఇలా ఇవ్వమన్నాడు.

మర్నాడు తెల్లవారాక పంపు తాళం తీయడానికి వెళితే చిక్కుడమ్మ అప్పటికే మడిలో ఉంది. డ్యూటీ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, తెగిన తీగలన్నీ ఏరి ఒక పక్కన పెడుతోంది. మిగిలినవి నేల మీద ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. పట్టుకోవడానికి ఏమీ దొరక్క వాటి కొసలు ఒకదాన్నొకటి చుట్టుకోవడం మొదలుపెట్టాయి. ఆమె వాటిని విడదీయబోయి, తెగుతాయని భయపడి వదిలేసింది. నీళ్ళు వదలమంటారా అని డ్రైవరు అడిగాడు. కాస్త సన్నగా వదలండి అన్నయ్యా అంది. అతను సన్నగా వదిలాడు. మరీ సన్నగా ఉందేమోనని కొంచెం పెంచాడు. ఎక్కువైందేమోనని మళ్ళీ తగ్గించాడు. అక్కడ నిలబడలేకపోయాడు, వెళ్ళిపోనూ లేకపోయాడు.

అప్పటి నుంచి అతని కళ్ళు రోడ్డు మీద నిలవడం మానేశాయి. ఇన్నేళ్ళుగా నడిపిన దారే. ఏ మలుపులో గేరు దించాలో కాలికే తెలుసు. అయినా ఆ దారి పక్కన ఇన్ని పుల్లలున్నాయని ఎప్పుడూ చూడలేదు. మిల్లు గోడ మీంచి వేలాడే ఎండుకొమ్మ, మురిక్కాలవలో ఇరుక్కున్న వెదురుబద్ద, ఎవరి పెరట్లోనో పీకి పడేసిన వంగ మోళ్ళు. ఒక్కోదాన్నీ చూసి, ఇది పొట్టి, అది పుచ్చింది, ఇది తీగ బరువు ఆపదు అని లెక్క వేసుకునేవాడు. స్టాపు దాటించేశాడని ప్రయాణికులు రెండుసార్లు గోల చేశారు. కండక్టరు వెనక నుంచి వచ్చి, గురువుగారూ, రోడ్డు ఎదురుగా ఉంది, పక్కన లేదు అన్నాడు. అతను డ్రైవరు కంటే చాలా చిన్నవాడు, నోరు మాత్రం పెద్దది.

మార్కెట్ మలుపు దగ్గర కరెంటు వాళ్ళు తీగలకి అడ్డొచ్చిన చెట్లు కొట్టేస్తున్నారు. నిటారుగా, మణికట్టంత లావున పెరిగిన కొమ్మలు దభీదభీమని పడుతున్నాయి. డ్రైవరు అద్దంలోంచి వాటిని చూస్తూనే ఉన్నాడు. బస్సు నిండా జనం. ఎలా ఆపుతాడు? తిరుగు ట్రిప్పులో ఆపుదామనుకుని, చివరి స్టాపులో టీ కూడా తాగకుండా బండి తిప్పాడు. టైముకి ముందు బయలుదేరకూడదని కండక్టరు మొత్తుకుంటే ఇంజను ఆన్ చేసి పెట్టుకుని స్టీరింగు మీద వేళ్ళతో కొట్టుకుంటూ కూర్చున్నాడు. మలుపు దగ్గరికి వచ్చేసరికి లారీ వెనక తలుపు వేసి గొలుసు తగిలిస్తున్నారు. కొమ్మలన్నీ అందులోనే ఉన్నాయి. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, కాసిని ఇవ్వగలరా అని అడిగాడు. అడిగింది బస్సు డ్రైవరని చూసి లారీలోవాళ్ళు నవ్వి చెయ్యి ఊపారు. వెనక హారన్లు మోగుతుంటే ముందుకి పోనివ్వక తప్పలేదు.

ఆ మర్నాడు పొద్దున్నే కాలవకి వెళ్ళాడు. చిక్కుడమ్మ కర్రల్లో రెల్లు ఉండటం గుర్తుంది. గట్టు మీద ఎండు రెల్లు ఎవరో ముందే కోసుకుపోయారు. పచ్చిది నీళ్ళలో ఉంది. ప్యాంటు పైకి మడిచి దిగాడు. బురద మోకాళ్ళ దాకా లాగింది. ఆకులు ముంజేతుల మీద గీతలు గీశాయి. మోపు కట్టి భుజాన వేసుకుని, నీళ్ళు ఓడ్చుకుంటూ ఇంటికి తెచ్చి గోడకి ఆనించాడు. స్నానం చేసి వచ్చి చూసేసరికి పచ్చి రెల్లు తన బరువుకి తానే వంగి, కొసలు నేలకి వాలి ఉంది. ఒకదాన్ని నేలలో గుచ్చి చూశాడు. కాసేపు నిలబడి, మెల్లగా పక్కకి ఒరిగిపోయింది.

భార్య తడిసిన ప్యాంటు బకెట్లో వేస్తూ ఇవన్నీ ఎందుకని అడిగింది. చిక్కుడమ్మ పాదుకి అన్నాడు. ఆవిడ ప్యాంటు పట్టుకునే అతని వంక చూసింది. గోళ్ళ వంక చూసింది.

“అయితే మీరూ ఉన్నారన్నమాట.”

మేనేజరుగారు చూడమంటే వెళ్ళానని, తను కొయ్యలేదని, ముడులు విప్పాననీ చెప్పబోయాడు. ఆవిడ వినలేదు. కుళాయి తిప్పి బకెట్లోకి నీళ్ళు ధారగా వదిలింది. ఆ చప్పుడులో అతని మాటలు అతనికే వినపడలేదు. ఆ పూట ఆవిడ టిఫిన్ డబ్బా చేతికి ఇవ్వలేదు, కిటికీ గట్టు మీద పెట్టింది.

ఆ మధ్యాహ్నమే కర్రలు దొరికాయి. చివరి స్టాపు ఊరి బయట ఉంటుంది. బండి తిప్పే చోటికి కొంచెం దూరంలో ఒంటరి ఇల్లు ఒకటి, దాని చుట్టూ ఏపుగా పెరిగిన మల్బరీ కంచె. ఆ ఇంటి ముసలావిడ గోడ కట్టించుకుంటున్నానని, కంచె కొట్టించాలంటే మనిషి దొరకడం లేదని ఎవరితోనో గొణుగుతుంటే డ్రైవరు చెవిన పడింది. వెళ్ళి, నేను కొడతాను, కొమ్మలు నాకిస్తారా అని అడిగాడు. ఖాకీ బట్టల మనిషి అలా అడిగేసరికి ఆవిడ ముందు అనుమానంగా చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి కత్తి తెచ్చి ఇచ్చింది. కొమ్మలే కాదు, వేర్లు కూడా పట్టుకుపో నాయనా అంది.

బయలుదేరే టైములోగా అయినంత కొట్టాడు. నిటారుగా ఉన్నవి వేరు చేసి, మొదలు వైపు నుంచి కొసకి ఒక్క లాగుడుతో ఆకు దూసేశాడు. పంగలున్నవి విడిగా పెట్టాడు. అరచేతుల్లో బొబ్బలు లేచి చితికాయి. మొదట బస్సు నీడలో కూర్చుని వేళాకోళం చేసిన కండక్టరు కాసేపటికి తన సంచీ సీటు మీద పెట్టి వచ్చి, ఇవన్నీ ఎవరి ఇంటికి, ఇంత కష్టం దేనికి అని అడిగాడు. డ్రైవరు మొదటిసారిగా జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాడు. కండక్టరు ఎండిన తీగ ఏదో కంచెకి అల్లుకుని ఉంటే దాన్ని లాగి మోపు కట్టడానికి అందించాడు.

మోపులు బస్సు వెనక సీటు కింద పట్టలేదు. నడిచే దారిలోకి పొడుచుకొచ్చాయి. ఎక్కిన వాళ్ళల్లా గొణిగారు. ఒకావిడ చీర కొంగు తగులుకుంది. వీటికీ టికెట్టు కొట్టాను, కూర్చుని వచ్చే హక్కుంది అని కండక్టరు అందరికీ సర్దిచెప్పాడు. డ్రైవరు మాత్రం బండిని గుంతల్లో కూడా ఊగనివ్వకుండా నడిపాడు. ఇవాళ ఇచ్చేస్తే అయిపోతుంది అనుకున్నాడు. ఎలా ఇవ్వాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాడు. దారిలో దొరికాయని చెబుతాడు. ఆమె సంతోషిస్తుంది. మునిసిపాలిటీ వాళ్ళు వచ్చిపోయాక, ఎల్లుండో ఆపైనో, ఎవరికీ ఇబ్బంది లేకుండా పాతుకోవచ్చు.

ఆ రోజు డ్యూటీ మార్చుకుని కాస్త వెలుగుండగానే దిగాడు. చిక్కుడమ్మ మడిలోనే ఉంది. మోపులు గట్టు మీద దించి, దారిలో దొరికాయమ్మా అన్నాడు. ఆమె ఒక కర్ర లాగి వేళ్ళతో నొక్కి చూసింది. ఇంకోదాన్ని మోకాలికి ఆనించి కొంచెం వంచింది. తల ఊపింది. దారిలో దొరికినవి ఇంత శుభ్రంగా దూసి ఉండవు అన్నయ్యా అంది.

అతను నవ్వబోయాడు.

ఆమె లేచి మడి మధ్యకి వెళ్ళి, ఇలా రండి అని పిలిచింది. ఒక పక్క వరసల్లో తెగగా మిగిలిన మొదళ్ళు ఎండి, ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి. రెండో పక్క తీగలు పచ్చగానే ఉన్నాయి, నేల మీదే పాకి గట్టు దాకా వచ్చాయి. ఇటువైపు కొడవలితో కోశారు, అటువైపు ఎవరో ముడులు విప్పి తీశారు అంది. పీలికలు కూడా చిరక్కుండా గట్టు మీద పెట్టి ఉన్నాయట. ఇంత ఓపిక ఎవరికి ఉందా అని ఆ రోజంతా ఆలోచించిందట. తర్వాత తెల్లారి అతను పంపు దగ్గర నీళ్ళు పెంచుతూ తగ్గిస్తూ నిలబడినప్పుడు తెలిసిపోయిందట.

డ్రైవరుకి గుండెల మీంచి ఏదో దిగినట్టయింది. ఆమెకి తెలుసు. తన చెయ్యి పడిన తీగలు బతికాయనీ తెలుసు. ఇన్నాళ్ళూ చెప్పుకోవడానికి మనిషి దొరకని మాట ఆమే చెబుతోంది. వాళ్ళు తొందర పెడుతున్నా నేను మాత్రం ఒక్క తీగ కూడా తెగనివ్వలేదమ్మా అన్నాడు.

“చాలాసేపు పట్టుంటుంది కదా?” అంది చిక్కుడమ్మ.

“పొద్దున్నంతా పట్టింది.”

ఆమె వంగి తీగ మీద పడిన ఎండుటాకు తీసేసింది. గొంతు పెంచలేదు.

“అంతసేపట్లో, వద్దు అనొచ్చు కదా అన్నయ్యా. ఒక్కసారి.”

అతను గట్టు మీది మోపుల వంక చూశాడు. తన అరచేతుల వంక చూసుకున్నాడు. ఆ ముడులు విప్పుతున్నంతసేపూ తను మంచిపనే చేస్తున్నట్టు అనిపించిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. ఎన్ని ముడులు విప్పాడో అన్నిసార్లు ఆ మాట అనగలిగేవాడు. అది తట్టకుండా ఉండటానికే అంత జాగ్రత్తగా విప్పాడేమో కూడా.

చిక్కుడమ్మ గట్టు దగ్గరికి వచ్చి, తను లాగిన కర్రలు మోపులోకి తోసింది. రేపు తనకి మధ్యాహ్నం డ్యూటీ అని, పొద్దున్నే కర్రలు పాతుదామని, ఇంకా ఆగితే తీగలు ఒకదాన్నొకటి బిగించుకుని చస్తాయని చెప్పింది. రేపు వాళ్ళు వచ్చే రోజు కదా అన్నాడు డ్రైవరు. అవును, రేపే అంది ఆమె.

పొద్దున్న అతను ఇంట్లోనే అటూ ఇటూ తిరిగాడు. చొక్కా వేసుకుని విప్పాడు. పంపు తాళం తీసి వచ్చేస్తే చాలు, ఒంట్లో బాగాలేదని కబురు చేయొచ్చు. తాళంచెవి జేబులో వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. భార్య అతని దారికి అడ్డు రాకుండా గోడవారగా ఊడుస్తోంది. చివరికి ఆవిడే చీపురు పక్కన పెట్టి, అటక మీది గడ్డపార దించి గుమ్మంలో ఆనించి, మళ్ళీ చీపురు అందుకుంది. డ్రైవరు గడ్డపార తీసుకుని వెళ్ళాడు.

గుంటలు అతను తవ్వాడు. కర్రలు ఆమె నిలబెట్టింది. మట్టి కూరి మడమతో తొక్కి, ఊపి చూసి, ఇంకొంచెం తొక్కాడు. పంగ కర్రలు రెండు వైపులా పెట్టి మధ్యలో పొడుగు కర్ర అడ్డంగా వేశారు. పక్క మళ్ళల్లో ఆకుపచ్చ ఊచలు తళతళలాడుతున్నాయి. వాటి మధ్య ఈ మల్బరీ కర్రలు ఇంకా కొట్టొచ్చినట్టు కనపడుతున్నాయి. అటు వెళ్ళేవాళ్ళు చూసి నడక తగ్గించారు, ఏమీ అడగకుండా పోయారు. తీయించిన సంఘం సభ్యుల్లో ఒకడే ఇప్పుడు పాతుతున్నాడని చూసినవాళ్ళకి చూసినట్టే తెలిసిపోతోంది.

చిక్కుడమ్మ ఒక తీగని విడదీసి కర్రకి ఎత్తి పట్టుకుంది. దాని జతది ఇంకో కర్ర వైపు లాగింది. తీరా చూస్తే పీలికలు తేలేదు. “ఇవి రెండూ ఇలాగే పట్టుకోండి అన్నయ్యా, వదిలితే మొదలు దగ్గర విరుగుతాయి. ఇంట్లోకెళ్ళి ఇప్పుడే వస్తా” అని గబగబా వెళ్ళిపోయింది.

డ్రైవరు రెండు చేతులూ చాచి, తల ఎత్తున రెండు తీగలు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె వెళ్ళే దారిలో పంపు దగ్గర ఎవరో ఆపారు. మాటలు సాగుతున్నాయి. చెమట కనుబొమ మీంచి కంట్లోకి దిగింది. తుడుచుకునే చెయ్యి లేదు. సరిగ్గా అప్పుడే గేటు వైపు నుంచి మేనేజరుగారు వచ్చారు. వెనక ఒక ఆఫీసరమ్మ, ఆవిడ వెనక ఇంకో ఇద్దరు. మేనేజరుగారు అడుగు తడబడి, వాళ్ళని టమాటా మడి చూడమని అటు తిప్పి, తను ఒక్కరే దగ్గరికి వచ్చారు. మొహంలో కోపం లేదు. ఆయనకి కోపం రాదు.

“ఏమిటిది డ్రైవరుగారూ, తీసేశాం కదా?”

మళ్ళీ పాతామన్నాడు డ్రైవరు. మేనేజరుగారు వెనక్కి ఒకసారి చూసి, గొంతు తగ్గించి, వాళ్ళు అటు తిరిగి వచ్చేలోపల కాస్త చూడండి అన్నారు.

“వద్దు సార్.”

అంత చిన్న గొంతుతో వస్తుందని అతను అనుకోలేదు. ఆయనకి వినపడలేదేమోనని మళ్ళీ అన్నాడు. “నేను తీయను. ఉండనివ్వండి.”

మేనేజరుగారు ఇంకేదో చెప్పబోయేలోగా ఆఫీసరమ్మ వచ్చేసింది. చేతులు చాచి కదలకుండా నిలబడిన మనిషిని చూసి, ఇదేం పాదని అడిగింది. చిక్కుడండీ అన్నాడు. మీదేనా అంది. కాదండీ, ఆవిడది, వస్తోంది అన్నాడు. ఆవిడ తల ఊపి, చీర బురదకి తగలకుండా పట్టుకుని ముందుకి నడిచింది. మేనేజరుగారు డ్రైవరు వంక కాసేపు, మొదటిసారి చూస్తున్నట్టు చూసి, ఆవిడ వెంట వెళ్ళారు.

జాగా ఇంకో రెండేళ్ళు సంఘానికే ఉంచుతున్నట్టు నెల తిరక్కుండానే కబురు వచ్చింది. ఏది చూసి ఉంచారో ఎవరికీ తెలియదు. అంతకు ముందే ఒకరోజు మేనేజరుగారు మనిషిని పంపి పంపు తాళంచెవి తెప్పించుకున్నారు. మీకు శ్రమ ఎందుకని అన్నారట.

ఆ పొద్దున మాత్రం చిక్కుడమ్మ పీలికల మూట పట్టుకుని పరుగున వచ్చేసరికి వాళ్ళు గేటు దాటుతున్నారు. అటు ఒకసారి, ఇటు ఒకసారి చూసింది. పంటితో గుడ్డ చింపి ఎడమ తీగకి కట్టింది. కుడి తీగకి కట్టింది. మరీ బిగించకుండా, వేలు దూరేంత సందు వదిలింది.

“చెయ్యి దించండి అన్నయ్యా.”

డ్రైవరు దించబోయాడు. భుజాలు పట్టేసి మెల్లగా వచ్చాయి. వేళ్ళ కొసల్లోకి రక్తం దిగుతుంటే చురుక్కుమంది. వేళ్ళు రెండుసార్లు మూసి తెరిచి, వంగి, నేల మీంచి ఇంకో తీగ ఎత్తాడు.